మామయ్య లివర్లో కాల్చిన చోటు

మా మేనమామ చిలకలూరిపేటలో ఒక జిన్నింగు మిల్లులో పత్తి చూసేవాడు. పత్తి చూడటమే ఆయన ఉద్యోగం. రైతు బస్తాలు దించగానే మోచేతిదాకా చెయ్యి లోపలికి దూర్చి, అడుగునుంచి గుప్పెడు తీసి, పింజను రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి మెల్లగా లాగేవాడు. ఎంత పొడవు, ఎంత గట్టి, తేమ ఉందా, బరువు కోసం నీళ్ళు చల్లారా, అన్నీ అక్కడే తేల్చేసేవాడు. తేడా ఉంటే మొహం మీదే చెప్పేవాడు. రైతులు ఆయన్ని తిట్టుకునేవాళ్ళు, మళ్ళీ ఆయన ఉన్నాడో లేడో కనుక్కుని మరీ ఆ మిల్లుకే తెచ్చేవాళ్ళు.

మా పల్లెలో హైస్కూలు లేదు. ఎనిమిది నుంచి పదిదాకా నేను ఆయన ఇంట్లోనే ఉండి చదువుకున్నాను. పొద్దున్నే జడలు వేసేది అత్తయ్య, లెక్కలు చెప్పేది మామయ్య. తర్వాత నేను డాక్టరునై, రేడియాలజీ చదివి, తొంభైల చివర్లో గుంటూరు కొత్తపేటలో చిన్న స్కానింగ్ గది పెట్టుకున్నాను. గది ప్రారంభం రోజున మామయ్య మిషను చుట్టూ రెండుసార్లు తిరిగి, "చెయ్యి పెట్టకుండా లోపల ఎట్టా ఉందో తెలుసుద్దా అమ్మాయ్?" అని అడిగాడు. చేత్తోనే పట్టుకుని పైన రాస్తాం మామయ్యా, బొమ్మ తెర మీద వస్తుంది అన్నాను. ఆయనకు అంతగా నమ్మకం కలగలేదు.

ఆ తర్వాత రెండేళ్ళకనుకుంటాను, మిల్లులో ఒకతనికి ఆపరేషనుకు రక్తం కావలసి వస్తే ఇద్దామని వెళ్ళాడు. పరీక్ష చేసి, మీ రక్తం పనికిరాదు, హెపటైటిస్ బి ఉందని పంపించేశారు. ఆయనకు అవమానంగా అనిపించింది. నాకు భయం వేసింది. ఎప్పుడో వచ్చి తగ్గిపోయాయనుకున్న కామెర్లు లోపల ఏళ్ళ తరబడి పని చేస్తూనే ఉన్నాయి. నా గదిలో పడుకోబెట్టి చూస్తే లివర్ అంచులు గరుకుగా, గట్టిపడటం మొదలైనట్టు ఉన్నాయి. అలాంటి లివర్లో గడ్డలు పుట్టే ప్రమాదం ఎక్కువ. అందుకని ఆరు నెలలకోసారి వచ్చి తీరాలని ఒట్టు పెట్టించుకున్నాను.

ఒట్టు తప్పలేదు. మొదటి బస్సుకే బయలుదేరి, పరగడుపున వచ్చి, నా గది తలుపు తీయకముందే మెట్ల మీద కూచునేవాడు. వెంట అత్తయ్య, ఆమె చేతిలో టిఫిను డబ్బా. స్కాను అయ్యాక ముగ్గురం అక్కడే తినేవాళ్ళం. సొంతవాళ్ళకు స్కాను చేయకూడదని మా ప్రొఫెసరు చెప్పేవారు. ఆ మాట గుర్తుండీ నేను వినలేదు. ఇంకొకళ్ళకు అప్పగించడానికి మనసొప్పలేదు.

అలా ఐదారుసార్లు బాగానే జరిగింది. ఒకసారి పొట్ట పైభాగంలో, లివర్ ఎడమ భాగం మీద, ఒక చోట నా చెయ్యి ఆగిపోయింది. రెండు సెంటీమీటర్లుంటుందేమో, గుండ్రంగా నల్లటి మచ్చ. క్రితంసారి లేదు. మామయ్య తెర వైపు చూడటం లేదు, నా చెయ్యి వైపు చూస్తున్నాడు.

"ఏందమ్మా, చెయ్యి ఆగింది?"

"ఏదో చిన్న మచ్చ ఉంది మామయ్యా. పెద్ద పరీక్ష చేయించాలి."

"సరే అయితే, చేయిద్దాం" అన్నాడు. అత్తయ్య ఆ రోజు టిఫిను డబ్బా మూత తీయలేదు.

అది కాన్సరే. హైదరాబాదులో లివర్ డాక్టరుగారు చూసి, లివర్ ఇప్పటికే గట్టిపడి ఉంది కాబట్టి కోసి తీసే ఆపరేషను తట్టుకోలేడన్నారు. అయితే గడ్డ చిన్నది. పైనుంచి సన్నటి సూది దూర్చి, కరెంటుతో వేడెక్కించి, గడ్డను ఉన్నచోటే కాల్చెయ్యవచ్చు అన్నారు. అప్పటికి ఆ వైద్యం మా వైపు వాళ్ళకు కొత్త. మామయ్య ముందుగా అడిగింది ఇది.

"కాల్చింది బయటికి తీస్తారా అండీ?"

"తియ్యం. చచ్చిపోయి లోపలే మచ్చలా ఉండిపోతుంది" అన్నారాయన.

"మరి అంతా చచ్చిందో, కొసరు మిగిలిందో ఎట్టా తెలుసుద్ది?"

డాక్టరుగారు నవ్వి నా వైపు చూపించారు. "అది చూడటమే మీ మేనకోడలి పని."

నిజానికి ఆ పని తేలిక కాదు. కాల్చిన చోటు మామూలు స్కానులో మొదట తెల్లగా మసకగా కనిపిస్తుంది, తర్వాత మచ్చలుమచ్చలుగా మారుతుంది. ఎక్కడిదాకా చచ్చిన కండ, ఎక్కడినుంచి బతికిన కండ అన్నది ఆ బూడిదరంగు బొమ్మలో తెలియదు. రక్తనాళంలోకి మందు ఎక్కించి సిటీ స్కాను తీస్తే బాగా తెలుస్తుంది. బతికున్న చోటికి రక్తంతోపాటు మందు వెళ్తుంది, చచ్చిన చోటికి వెళ్ళదు. మామయ్య గడ్డను అలా కాల్చాక, నెల తిరగ్గానే ఆ సిటీకే తీసుకెళ్ళాం. మందు ఎక్కించిన రెండు నిమిషాలకు మామయ్య ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పెదాలు వాచి, ఊపిరాడక ఎగపోశాడు. వెంటనే ఇంజెక్షన్లు ఇచ్చారు. పావుగంటకు తేరుకున్నాడు. కళ్ళు తెరిచి, "గడ్డ చంపలేదుగానీ ఇది చంపేదిగా" అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను.

ఇక ఆ మందు ఆయనకు పనికిరాదన్నారు. మిగిలింది ఎమ్మారై. అది హైదరాబాదులో. ఆ గొట్టంలో పడుకుని ఊపిరి బిగబట్టమంటే బిగబట్టలేకపోయాడు, బొమ్మలు చెదిరిపోయాయి. బాగానే ఉన్నట్టుంది, మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం అన్నారు. ఆ "ఉన్నట్టుంది" అనే మాట నాకు పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

అలాంటి రోజుల్లో ఒక కంపెనీ ఇంజనీరు వచ్చి, కొత్త రకం అల్ట్రాసౌండ్ మిషను రెండు రోజులు నా దగ్గర పెట్టి చూపిస్తానన్నాడు. దానిలో ఎలాస్టోగ్రఫీ అని ఒక మీట ఉంది. మామూలు స్కాను లోపలి ఆకారం చూపిస్తే ఇది మెత్తదనం చూపిస్తుంది. కండను కొద్దిగా నొక్కితే మెత్తటిది ఎక్కువ అణుగుతుంది, గట్టిది తక్కువ అణుగుతుంది. ఆ తేడాను రంగులుగా తెర మీద వేస్తుంది. ఆ మిషనులో నీలం అంటే గట్టి, ఎరుపు అంటే మెత్తన, రెంటికీ మధ్యది ఆకుపచ్చ. కాలిన లివర్ గట్టిపడుతుంది కాబట్టి, కాల్చిన చోటు అంచు దీనితో తెలియవచ్చని ఎక్కడో కొందరు ప్రయత్నిస్తున్నట్టు నేను చదివాను.

ఆ మాట చెప్పగానే ఇంజనీరు కంగారుపడ్డాడు. "మేడమ్, ఇది బ్రెస్ట్‌కీ థైరాయిడ్‌కీ అండి. లివర్‌కైతే మేం ఏ గ్యారంటీ ఇవ్వలేమండి."

"గ్యారంటీ అడగలేదు బాబూ. ముందు నన్ను చూడనివ్వండి" అన్నాను.

మిషను శనివారం వస్తుందనగా శుక్రవారమే మామయ్యను, అత్తయ్యను మా ఇంటికి రమ్మన్నాను. మనిషి మీద పెట్టే ముందు నా కళ్ళకు ఒక లెక్క కుదరాలి. శనివారం పొద్దున్నే మార్కెట్టుకు వెళ్ళి మేక కార్జం తెచ్చాను, కొయ్యకుండా ముద్దగా. కుట్టుమిషను పెట్టెలోంచి పాత ఇనప చువ్వ తీసి, కడిగి, గ్యాసు పొయ్యి మీద ఎర్రగా కాల్చి, కార్జంలోకి దించాను. చుయ్‌మని పొగ లేచింది. అత్తయ్య పరుగెత్తుకొచ్చింది.

"ఏందే ఇది? లివర్లు చూసే డాక్టరువి, కార్జం వండటం రాదా నీకు? అల్లం వెల్లుల్లి లేకుండా చువ్వతో పొడుస్తావేంది?"

"కూరకి కాదత్తయ్యా. మామయ్యకి చేసిందేంటో చూస్తున్నా."

ఆమె వంగి చువ్వ దిగిన చోటు చూసింది. "ఇట్టాగేనా చేసింది?" అంది చిన్న గొంతుతో. ఆయనకు మత్తు ఇచ్చారని, సూది చాలా సన్నదని, ఇంత మొరటుగా చేయరని చెప్పాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, చువ్వ చల్లారింది, మళ్ళీ కాల్చమంది. నాలుగుసార్లు కాల్చి అదే చోట దించాం. రెండోసారినుంచి చువ్వ ఆమే పట్టుకుంది.

మామయ్య వచ్చి ఆ ముద్దను అరచేతిలోకి తీసుకున్నాడు. పైనుంచి చూస్తే చువ్వ దిగిన చిన్న రంధ్రం తప్ప ఏమీ కనిపించదు. ఆయన కళ్ళు మూసుకుని, పత్తి చూసే వేళ్ళతోనే, ఒక పక్కనుంచి రెండో పక్కకు మెల్లగా నొక్కుకుంటూ పోయాడు.

"ఇదిగో, ఇక్కణ్ణించి గట్టి. ఇదంతా గట్టే. ఇక్కడికి వచ్చేసరికి సగం సగం, ఉడికీ ఉడకనట్టు. ఇటు దాటితే మెత్తన."

ఆయన చెప్పిన చోటల్లా నేను పసుపుతో గీతలు గీసి, ఎక్కడెక్కడున్నాయో కాగితం మీద బొమ్మ వేసుకున్నాను. తర్వాత జెల్లీకి వాడే చైనా గ్రాసు కాచి, గోరువెచ్చగా అయ్యాక స్టీలు డబ్బాలో పోసి, కార్జం ముద్దను అందులో ముంచి గడ్డకట్టనిచ్చాను. డబ్బా పట్టుకుని ముగ్గురం రిక్షాలో నా గదికి వెళ్ళాం. దారిలో అత్తయ్య డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, ఎదురైన తెలిసినవాళ్ళు ఏమిటని అడిగితే, "స్కానింగుకి" అని మాత్రం చెప్పింది.

ఇంజనీరు డబ్బాలోకి రెండుసార్లు తొంగిచూసి మిషను ఆన్ చేశాడు. స్కాను చేసే ప్రోబు పైన పెట్టి మెల్లగా నొక్కుతూ వదులుతూ ఉంటే, కాసేపు రంగులన్నీ కలగాపులగంగా వచ్చాయి. నా చెయ్యి ఎక్కువ నొక్కుతోంది. తగ్గించాను. అప్పుడు ఎర్రటి పచ్చటి రంగుల మధ్య ఒక నీలం ముద్ద నిలబడింది. దాని కొలతలు తీసుకుని, కత్తితో కోసి చూశాం. మధ్యలో తెల్లగా ఉడికిన కండ, దాని చుట్టూ లేతగులాబీ పట్టీ, ఆ బయట పచ్చి ఎరుపు. నీలం ముద్దా, తెల్లటి కండా దాదాపు ఒకటే. మామయ్య గీతలూ దాదాపు అక్కడే. ఒక పక్కన మాత్రం మిషను కంటే ఆయన గీతే దగ్గరగా ఉంది.

ఇంజనీరు కాగితం చూసి, "సార్ వేళ్ళకి మా కంపెనీలో ఉద్యోగం ఇవ్వాలండి" అన్నాడు. మామయ్య చిన్నపిల్లాడిలా నవ్వాడు. జబ్బు బయటపడ్డాక ఆయన అలా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

తర్వాత బల్ల ఎక్కి పడుకున్నాడు. ఆయన గడ్డ ఉన్నది లివర్ ఎడమ భాగంలో, సరిగ్గా గుండె కింద. అది మా అదృష్టం. అక్కడ నేను నొక్కక్కర్లేదు, గుండె కొట్టుకున్నప్పుడల్లా లివర్‌ను అదే నొక్కుతుంది, అదే వదులుతుంది. లోతు తక్కువ కాబట్టి బొమ్మ వస్తుంది. కుడి పక్కన లోతుగా ఉంటే ఆ మిషనుతో ఏమీ కనిపించేది కాదు.

"నీ గుండే నొక్కుద్ది మామయ్యా. నువ్వు కదలకుండా ఉండు చాలు."

"నా గుండెకి ఈ ఉద్యోగం కూడానా" అన్నాడు.

నీలం ముద్ద వచ్చింది. ఆయన లివర్ అప్పటికే గట్టిది కాబట్టి మేక కార్జంలో వచ్చినంత తేటగా రాలేదు, అయినా వచ్చింది. గుండ్రంగా, ఒక్కచోట తప్ప. గడియారంలో నాలుగు ఉండే చోట, ఎవరో పళ్ళతో కొరికినట్టు చిన్న నొక్కు. అక్కడ నీలం లేదు, పచ్చగా ఉంది. ఊపిరి తేడా అనుకుని మళ్ళీ తీశాను. మళ్ళీ వచ్చింది. పది బొమ్మలు తీస్తే ఎనిమిదింటిలో అదే చోట అదే నొక్కు. పక్కనే రక్తనాళం ఉందేమోనని రక్తప్రవాహం చూపించే మీట నొక్కాను. ఉంది. మంచి లావుపాటి నాళం ఆ నొక్కును ఒరుసుకుని పోతోంది. అప్పుడు నాకు అర్థమైంది. కాల్చేటప్పుడు పక్కనే రక్తం పారుతుంటే, అది వేడిని లాక్కుపోతుంది. ఆ పక్కనున్న కండ సరిగా కాలకపోవచ్చు.

కాలలేదా, లేక నాకు కావలసింది నేనే ఊహించుకుంటున్నానా? ఒక్క రోజు పరిచయమున్న మిషను. లివర్‌కు పనికొస్తుందని కంపెనీవాడే చెప్పడం లేదు. బొమ్మలు చెదిరినా "బాగానే ఉన్నట్టుంది" అన్నది పెద్ద డాక్టరు. నేను చేతులు కడుక్కునే నెపంతో పక్క గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి ఆయన లేచి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"పత్తిలో తేడా ఉంటే నేను రైతు మొహం చూసి దాచలా" అన్నాడు. "నువ్వూ దాచమాక."

చెప్పాను. బొమ్మ చూపించి, ఈ చోట అనుమానంగా ఉంది, ఇది నమ్మదగిన పరీక్షో కాదో నాకే తెలియదు, నా అనుమానం వట్టిదే కావచ్చు అన్నాను. అత్తయ్య నా భుజం మీద చెయ్యి వేసి, "అనుమానం ఉందిగా, ఇంక మూడు నెలలు ఆగేదేంది, పోదాం పదండి" అంది.

హైదరాబాదుకు ఫోను చేశాను. డాక్టరుగారు ఓపిగ్గా విని, "మీ రంగుల బొమ్మ మీద నేను ఏ నిర్ణయమూ తీసుకోనమ్మా. ఎమ్మారై మాత్రం ముందుకు జరుపుతాను. కానీ ఈసారి ఆయన ఊపిరి పట్టాలి" అన్నారు.

ఆ వారమంతా చిలకలూరిపేటలో మామయ్య ఊపిరి పట్టడం నేర్చుకున్నాడు. మంచం మీద పడుకుని చేతులు తలపైకి పెట్టుకునేవాడు. అత్తయ్య పక్కన కూచుని అంకెలు లెక్కపెట్టేది. రోజూ పొద్దున నాకు ఫోను చేసి ఎంతదాకా వచ్చిందో చెప్పేవాళ్ళు. పన్నెండు, పద్నాలుగు, పద్దెనిమిది. ఒకరోజు ఆయన ఫోను లాక్కుని, "మీ అత్తయ్య నా మీద జాలితో గబగబా లెక్కపెడతంది, ఆ లెక్క నమ్మమాక" అన్నాడు.

ఎమ్మారైలో బొమ్మలు ఈసారి తేటగా వచ్చాయి. రక్తనాళం వెంబడి సన్నటి పట్టీలా బతికిన గడ్డ మిగిలి ఉంది. నాలుగు ఉండే చోటే. డాక్టరుగారు తన గదిలో ఆ బొమ్మనూ, నా రంగుల బొమ్మనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. "మంచి పని చేశావమ్మా" అన్నారు. ఆ మాటకు సంతోషించాలో, గడ్డ మిగిలి ఉన్నందుకు ఏడవాలో తెలియక నేను బొమ్మలు కవరులో సర్దాను.

నాళం పక్కన మళ్ళీ కాల్చితే అదే ఇబ్బంది వస్తుందని, ఈసారి సన్నటి సూదితో ఆల్కహాలు ఎక్కించారు. అదీ కండను చంపుతుంది. వార్డులోకి తెచ్చాక మామయ్య అందరికీ వినపడేలా అన్నాడు: "జన్మలో చుక్క ముట్టని వాణ్ణి. వీళ్ళు తిన్నగా కార్జంలోకే పోశారు." పక్క మంచాల వాళ్ళు కూడా నవ్వారు. మూడు నెలలకు తీసిన ఎమ్మారైలో ఆ పట్టీ లేదు. ఆరు నెలలకూ లేదు. అత్తయ్య పెదకాకాని వెళ్ళి శివుడికి అభిషేకం చేయించుకొచ్చింది.

దీన్ని నా ఘనతగా చెప్పుకోవడం నాకిష్టం లేదు. ఎందుకంటే మరుసటి ఏడు ఆ మిషను కొనుక్కున్నాక, అలాంటి వైద్యమే జరిగిన ఒక మిరప రైతు భార్యను చూసి, అదే ధైర్యంతో అనుమానం ఉందని చెప్పాను. ఆవిడ పదిరోజులు అన్నం మానేసింది. ఎమ్మారైలో ఏమీ లేదు. గడ్డ లోతుగా ఉంది, నా బొమ్మే తప్పు. వాళ్ళ ఊరు వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను. కళ్ళంలో ఎండబోసిన కాయల మధ్య నిలబడి ఆవిడ, "పోనీలేమ్మా, లేదని తెలిసిందిగా" అంది. తిరిగొచ్చి మామయ్యకు చెబితే, "నేనూ ఒకేడు మంచి పత్తిని తడిపత్తని తిప్పి పంపా. ఆ రైతు మళ్ళీ మా మిల్లు గడప తొక్కలా" అన్నాడు. అంతవరకు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదట.

మామయ్య ఆ తర్వాత ఎనిమిదేళ్ళు బతికాడు. అందులో ఐదేళ్ళు మిల్లుకు వెళ్ళాడు. చివరికి ఆయన్ని తీసుకెళ్ళింది ఆ గడ్డ కాదు, ముదిరిపోయిన లివర్ జబ్బే. ఆ ఎనిమిదేళ్ళలో కూతురి పెళ్ళి చేశాడు, మనవరాలికి లెక్కలు చెప్పాడు, అత్తయ్యతో కలిసి మొదటిసారి సముద్రం చూడటానికి సూర్యలంక వెళ్ళాడు.

పోయే ముందు ఏడాది కూడా మొదటి బస్సుకే వచ్చేవాడు. ఒకరోజు నేను వచ్చేసరికి మెట్ల మీద ఆయన పక్కన ముసలి రైతు ఒకాయన కూచున్నాడు. ఇద్దరికీ అప్పుడే పరిచయం. మామయ్య ఆయన చెయ్యి తన చేతిలో పెట్టుకుని చెబుతున్నాడు: "ఏం భయపడమాకయ్యా. చల్లటి జిగురు రాసుద్ది, అంతే. మా అమ్మాయే చూసేది. ఉంటే ఉందని చెబుద్ది, లేకపోతే లేదని చెబుద్ది. తెలవకపోతే తెలవదనీ చెబుద్ది."

తాళం తీసి ఇద్దర్నీ లోపలికి రమ్మన్నాను. "ముందు ఈయన్ని చూడమ్మా, పాపం ఈయన మరీ కంగారుగా ఉన్నాడు" అని మామయ్య కుర్చీలో కూచుని పేపరు తీశాడు.